తిన్నది ఒంటబట్టని పిల్లలు



"మా వాడు బాగానే తింటాడండీ, అయినా ఒంటబట్టదు" అని తల్లులు అంటూ ఉంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. తినడం వేరు, తిన్నది రక్తంలో చేరడం వేరు. మధ్యలో పేగు ఉంది.

ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయి. ఇవి ఒంటికి అందాలంటే కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి రావాలి. ఆ దారి మూసుకుపోయినా, పేగు లోపలి పొర దెబ్బతిన్నా, తిండిలో ఉన్న విటమిన్లు విరేచనంలో పోతాయి. ఎ తగ్గితే రేచీకటి వస్తుంది. డి తగ్గితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. కె తగ్గితే చిన్న గాయానికే రక్తం ఆగదు. బి-12 విటమిను చిన్నపేగు చివరి భాగంలో ఒంటబడుతుంది. అక్కడ జబ్బు చేస్తే కొంతకాలానికి రక్తం తగ్గి బిడ్డ పాలిపోతాడు.

కొందరు పిల్లలకు గోధుమ పడదు. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. పరీక్ష చేసి నిర్ధారించాక గోధుమ పూర్తిగా మానిపించాలి. కోలారు వైపు రాగిసంగటి, బళ్లారి వైపు జొన్నరొట్టె తినే ఇళ్లకు ఇది పెద్ద కష్టం కాదు. రాగి, జొన్న, బియ్యం ఈ పిల్లలకు పడతాయి. అయితే పిండిమరలో గోధుమ కలవకుండా చూసుకోవాలి.

మరొక్క మాట జ్ఞాపకం పెట్టుకోండి. పుట్టి రెండు వారాలు దాటినా పసికందు కళ్లు పచ్చగా ఉండి, విరేచనం సున్నంలా తెల్లగా వస్తుంటే పసరు మందులతో కాలం గడపకండి. పైత్యనాళం మూసుకుపోయి ఉండవచ్చు. దానికి శస్త్రచికిత్స రెండు నెలల లోపు జరిగితే మేలు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

నీళ్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు పథ్యమని బిడ్డను మాడ్చకండి. తల్లిపాలు మానవద్దు. ఓ.ఆర్.ఎస్. పట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు, విరేచనాలు ఆగినా సరే, 14 రోజులూ ఇవ్వాలి. అన్నం తినే బిడ్డకు మెత్తగా కలిపిన పప్పన్నంలో చెంచాడు నూనె వేయండి. ఎ విటమిను ఒంటబట్టడానికి ఆ కొవ్వే తోడు.

తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల వరకు ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఎ విటమిను ద్రావకం తప్పకుండా పట్టించండి. సొంతంగా మాత్రం ఎక్కువ పోయకండి, అతి అయితే అదీ విషమే.

విరేచనాలు రెండు వారాలు దాటినా, బరువు పెరగకపోయినా డాక్టరుకు చూపించండి. తిండి పెట్టడంతో పాటు అది ఒంటబడుతోందో లేదో చూడటం కూడా మన పనే.