పాట బాగున్నదని నిర్ణయించే దెవరు?

క్రొత్త సినిమా పాట నొకదానిని మొదటిసారి విని, "ఇదేమి పాట!" అని పెదవి విరుస్తాము. అదే పాట పొరుగింటి రేడియోలోను, కాఫీ హోటలులోను, పెండ్లి పందిరిలోను పదిసార్లు చెవిని పడుతుంది. పదకొండవసారికి మనమే దానిని కూనిరాగము తీస్తుంటాము. ఈలోగా పాటలో ఒక్క స్వరమైనా మారలేదు. మరి మారినదేమి?

మొదట చెప్పవలసినది పరిచయము. రాబర్ట్ జాయన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1968లో ప్రకటించిన ప్రయోగములలో అర్థము లేని మాటలను, చీనా లిపిని పోలిన గుర్తులను, ముక్కూ మొగమూ తెలియనివారి ఫొటోలను, కొన్నింటిని తరచుగా, కొన్నింటిని అరుదుగా చూపినాడు. చూచినవారు తరచుగా కనబడిన వానినే ఎక్కువ మెచ్చుకొన్నారు. సంగీతమునకును ఇది వర్తించును. హద్దు మీరితే విసుగు పుట్టునని వేరే చెప్ప నక్కరలేదు.

పరిచయము వలన ఇంపు ఎట్లు కలుగుచున్నది? పాట వినునప్పుడు మెదడు ఊరకుండదు. తరువాత రాబోవు స్వరమును ముందుగానే ఊహించుచుండును. 2019లో జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన పరిశోధకులు అమెరికాలో పేరుమోసిన 745 పాటలలోని దాదాపు 80,000 స్వరమేళనములను, అనగా ఒకేసారి మ్రోగు స్వరముల గుంపులను, కంప్యూటరుచే లెక్కగట్టించినారు. ఏ మేళనము తరువాత ఏది వచ్చునో ఎంతవరకు ఊహింపవచ్చునన్నదే ఆ లెక్క. పిమ్మట కొన్ని వరుసలను సాహిత్యము లేకుండ శ్రోతలకు వినిపించినారు. ఇది తప్పక వచ్చునని గట్టిగా నమ్మియున్నప్పుడు వేరొకటి వచ్చిన, శ్రోతకు ఆనందము. ఏది వచ్చునో తోచక తికమకపడుచున్నప్పుడు అలవాటైనదే వచ్చిన, అప్పుడును ఆనందమే!

ఇంతవరకు శ్రోత ఒంటరివాడు. కాని మనము పాటలను ఒంటరిగా వినుచున్నామా? 1952లో రేడియో సిలోన్‌లో ఆరంభమైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ హిందీ సినిమా పాటలను వరుస స్థానములతో వినిపించేవారు. పాటతోపాటు దాని స్థానము కూడ శ్రోత చెవిని పడేది. బాగున్నందున పైకి వచ్చినదా, పైకి వచ్చినందున బాగున్నదా? మనకున్నది ఒక్కటే లోకము గనుక దీనిని తేల్చుట కష్టము. పోల్చి చూచుటకు అనేక లోకములు కావలెను.

మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అను మువ్వురు అమెరికాలో అట్టి లోకములనే సృష్టించి, 2006లో ఫలితములను ప్రకటించినారు. పేరు తెలియని బృందముల పాటలు 48 తీసికొని, ఇంటర్నెట్టు ద్వారా 14,341 మందికి వినిపించినారు. మెచ్చిన పాటను ఉచితముగ దించుకొనవచ్చును. ఒక గుంపువారికి పాటల పేర్లు, బృందముల పేర్లు మాత్రమే కనబడును. తక్కినవారిని 8 లోకములుగ విడదీసి, తమ లోకములో ఏ పాటను ఎందరు దించుకొన్నారో చూపినారు. అన్ని లోకములును సున్నతోనే ఆరంభమైనవి.

ఫలితము ఆలోచింపదగినది. ఒంటరిగ విన్నవారి లెక్కలో 26వ దైన ఒక పాట, ఒక లోకములో మొదటి స్థానమునకు ఎక్కినది, మరొక లోకములో 40వ స్థానమునకు దిగినది! మిక్కిలి మంచి పాటలు అట్టడుగునకు పోవుట, మిక్కిలి చెడ్డవి అగ్రమునకు చేరుట మాత్రము అరుదు. చిక్కంతా నడిమి పాటలది. వానిలో ఏది గెలుచునో ముందుగ చెప్ప వీలులేదు. మొదట విన్న కొద్దిమంది చేయి ఎటు వాలినదో, దానిని బట్టి తరువాతివారు నడచినారు. అమాయకముగనే సుమా, ప్రతివాడును తన చెవినే నమ్మినా ననుకొన్నాడు.

2008లో సాల్గనిక్, వాట్స్ మరొక చిలిపి పని చేసినారు. లెక్కలను తలక్రిందులు చేసి, ఆదరణ లేని పాటలకే ఆదరణ ఉన్నట్లు చూపినారు. చాల పాటల కీ అబద్ధము నిజమైనది. అన్నిటికంటె మంచి పాటలు మాత్రము మెల్లగ తిరిగి పైకి ప్రాకినవి.

ఉపాధ్యాయులు ఇట్టిది తరగతిలో చేయవచ్చును. విద్యార్థులు ఎరుగని భాషలో పది పాటలు ఎన్నుకొనవలెను. అస్సామీ మంచిది, తమిళము వద్దు, ఎవరో ఒకరు విని యుందురు. మూడు గుంపులు కావలెను. మొదటి గుంపువారు చీటీలపై రహస్యముగ మార్కులు వేయుదురు. తక్కిన రెండు గుంపులను వేర్వేరు గదులలో నుంచి, ఒక్కొక్కరి ఓటును వెంటనే నల్లబల్లపై గీతగ గీయవలెను. గీయునప్పుడు ఉపాధ్యాయుడు ముఖమున ఏ భావమును కనబడనీయరాదు. ఇదే అన్నిటికన్న కష్టము. తరువాత రెండు నల్లబల్లలను ప్రక్కప్రక్కన పెట్టి, చీటీల లెక్కలో నడుమ నిలిచిన నాలుగైదు పాటలను మొదట చూడవలెను.