అమ్మ స్కూటర్ ఫిల్మ్‌సిటీ బస్సెక్కుతుందా? మొబిలిటీ స్కూటర్‌తో బయల్దేరే ముందు తెలుసుకోవాల్సినవి

ఆదివారం రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్దామని టికెట్లు బుక్ చేశారు. పది నిమిషాలు కూడా నిలబడలేని అమ్మ కోసం ఈమధ్యే బ్యాటరీతో నడిచే మొబిలిటీ స్కూటర్ కొన్నారు. పీర్జాదిగూడలో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో, కాలనీ రోడ్డు మీద ఆమె దాన్ని హాయిగా నడుపుతున్నారు. ఇంకేం, ఫిల్మ్‌సిటీ అంతా దాని మీదే తిరిగేయొచ్చని అనుకుంటారు.

అక్కడే పొరపాటు పడతారు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌సిటీ దాదాపు 1,666 ఎకరాల్లో ఉంది. దాన్ని ఎవరూ నడిచి చూడరు. టికెట్ కౌంటర్ దగ్గర బస్సెక్కాలి, లోపల దిగాలి, సెట్టింగులు చూడ్డానికి మళ్లీ ఇంకో బస్సెక్కాలి. ఇలాంటి చోట స్కూటర్‌కు అసలు పరీక్ష దారిలో ఉండదు, బస్సు మెట్ల దగ్గర ఉంటుంది. గేటు దగ్గరికి వెళ్లాక ఈ సంగతి తెలిస్తే, ఇంటిల్లిపాదీ లోపల తిరుగుతుంటే అమ్మ మాత్రం ఏ చెట్టు కిందో కూర్చోవాల్సి వస్తుంది.

ముందుగా, మనం ఏ స్కూటర్ గురించి మాట్లాడుతున్నాం?

మన దగ్గర దివ్యాంగుల స్కూటర్ అనగానే వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన పెట్రోల్ బండి గుర్తొస్తుంది. ప్రభుత్వ పథకాల్లోనూ ఇలాంటివే ఇస్తుంటారు. అది మోటారు వాహనం. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. రోడ్డు మీద నడపడానికే కానీ మెట్రో స్టేషన్ లిఫ్టులోకో, పార్కు లోపలికో తీసుకెళ్లడానికి పనికిరాదు. పార్కింగ్‌లో పెట్టి రావాల్సిందే.

మొబిలిటీ స్కూటర్ వేరు. కుర్చీ, ముందు హ్యాండిల్, కింద మూడో నాలుగో చిన్న చక్రాలు. నడక కంటే కాస్త వేగంగా వెళ్తుంది. చాలామంది దీన్ని ఎలక్ట్రిక్ వీల్‌చైర్ అనే పిలుస్తారు కానీ బస్సూ రైలూ ఎక్కేటప్పుడు రెండింటికీ చాలా తేడా ఉంది. వీల్‌చైర్ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. స్కూటర్ పొడవెక్కువ కాబట్టి ఆటోలాగా ముందుకూ వెనక్కూ నడిపి తిప్పుకోవాలి. అందుకే వీల్‌చైర్ పట్టే లిఫ్టులో స్కూటర్ పడుతుందని కచ్చితంగా చెప్పలేం. పట్టినా తిరగడానికి చోటుండదు కాబట్టి రివర్సులో బయటికి రావాలి. ఈ పని ఇంటి దగ్గరే నేర్పండి. కాలనీ రోడ్డు మీద తిన్నగా నడపడం వచ్చినంత మాత్రాన ఇది రాదు.

టేపు తీసుకుని మీ స్కూటర్ పొడవు, వెడల్పు కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మొత్తం బరువుతో పాటు, విడదీస్తే అన్నింటికంటే బరువైన భాగం ఎంతుందో కూడా రాసుకోండి. డిక్కీలోకి ఎత్తాల్సింది ఆ భాగాన్నే. బ్యాటరీ మీద రాసిన వోల్టులు, ఆంపియర్-అవర్లను ఒక ఫొటో తీసి ఉంచుకోండి. దీని అవసరం తర్వాత వస్తుంది.

పీర్జాదిగూడ నుంచి ఎలా వెళ్లాలి?

మీకు దగ్గర్లోని మెట్రో స్టేషన్ ఉప్పల్. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పుడే తెరుచుకున్న స్టేషన్ ఇది. ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్‌లో ప్రారంభించిన స్కైవాక్‌కు కూడా లిఫ్టులున్నాయి. మెట్రో ఎక్కడం మొబిలిటీ స్కూటర్‌తో కాస్త నమ్మకంగా చేయగలిగే పని. రోడ్డు నుంచి టికెట్ హాలుకు, అక్కడి నుంచి ప్లాట్‌ఫాం మీదికి లిఫ్టులున్నాయి. ప్లాట్‌ఫాం, రైలు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. బోగీలో వీల్‌చైర్‌కు కేటాయించిన చోటు ఉంటుంది. స్కూటర్‌ను అక్కడ ఆపి తాళం తీసేయాలి. వీలైతే అమ్మను పక్క సీట్లోకి మార్చాలి.

చిక్కంతా ఉప్పల్ దాకా చేరడంలోనే. పీర్జాదిగూడ నుంచి చౌరస్తాకు ఉన్న నాలుగైదు కిలోమీటర్లు వరంగల్ హైవే. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులతో ఏళ్ల తరబడి ఆ రోడ్డు ఎలా నలిగిందో మీకు చెప్పక్కర్లేదు. నడిచేవాళ్లకే దిక్కులేని చోట చిన్న చక్రాల స్కూటర్‌ను బస్సులు, లారీల పక్కన నడిపించే ఆలోచన పెట్టుకోవద్దు. బ్యాటరీ సరిపోతుంది కదా అని కూడా అనుకోవద్దు. ఆటోనో, క్యాబో తప్పదు.

ఇక ఫిల్మ్‌సిటీకే అయితే మెట్రోను మర్చిపోండి. ఉప్పల్‌లో ఎక్కి అమీర్‌పేట వెళ్లి, అక్కడ రైలు మారి మళ్లీ తూర్పునున్న ఎల్బీనగర్‌కు రావడమంటే ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే. అంత తిరిగినా విజయవాడ హైవే మీద ఇంకా చాలా దూరం పోవాలి. అమ్మకు తేలికైన దారి వేరే ఉంది. మేడిపల్లి, నారపల్లి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్లాలి. వండర్‌లాకైనా ఇదే ఔటర్. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగకుండా ఇంకా ముందుకెళ్లి రావిర్యాల ఎగ్జిట్ తీసుకోవాలి.

క్యాబ్ బుక్ చేసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. చాలా క్యాబుల డిక్కీలో సగం చోటు సీఎన్‌జీ సిలిండరే తినేస్తుంది. మడిచే స్కూటరైనా అందులో పట్టకపోవచ్చు. పెద్ద బండి బుక్ చేసుకుని, డ్రైవర్‌కు ముందే ఫోన్ చేసి డిక్కీ ఖాళీగా ఉందో లేదో అడగండి. స్కూటర్ విడిగా ట్రాలీ ఆటోలో పంపాల్సి వస్తే తాళ్లతో గట్టిగా కట్టించండి. ‘పడకుండా పట్టుకుంటుంది లే’ అని అమ్మను దాని మీద కూర్చోబెట్టి మాత్రం పంపొద్దు. కదిలే వాహనంలో స్కూటర్ సీటు మీద మనిషి కూర్చోకూడదని తయారీదారులే చెబుతారు. ఆ కుర్చీ ఎత్తుగా ఉంటుంది, దాని పట్టు తక్కువ. సడన్ బ్రేక్ పడితే మనిషీ స్కూటరూ కలిసి ఒరుగుతాయి.

ఇంకొకటి. స్కూటర్ వెనక భాగంలో ఒక మీట ఉంటుంది. దాన్ని ఒకవైపు తిప్పితే మోటారు విడిపోయి బండిని చేత్తో నెట్టొచ్చు. అయితే హ్యాండిల్ మీటను వదలగానే తనంతట తానే పడే బ్రేకు అప్పుడు పనిచేయదు. బండిని ఎక్కించడానికి సాయం పట్టినవాళ్లు ఆ మీటను అలాగే వదిలేస్తే, తర్వాత వాలు మీద స్కూటర్ జారిపోతుంది. అమ్మ మళ్లీ కూర్చునే ముందు ప్రతిసారీ దాన్ని చూసుకోండి.

గేటు దాటాక

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న స్కూటర్ గురించి కాదు, అమ్మ గురించి. చేయి పట్టుకుంటే ఆమె రెండు మూడు మెట్లు ఎక్కగలరా?

ఎక్కగలిగితే పని సగం తేలికవుతుంది. ఆమె బస్సు సీట్లో కూర్చుంటారు, మనం స్కూటర్ సంగతి చూసుకుంటే చాలు. పార్కు బస్సుల్లో దాన్ని పెట్టుకునే వీలు లేకపోతే కౌంటర్ దగ్గరే వదిలి, లోపల వీల్‌చైర్ తీసుకోవచ్చు. మన పార్కుల్లో అడిగితే దొరికేది సాధారణంగా మనిషి నెట్టే వీల్‌చైరే, స్కూటర్ కాదు. సొంత స్కూటర్ ఉండగా ఇదేంటని అమ్మకు చిన్నబోయినట్టు ఉండొచ్చు. కానీ బస్సులు మారుతూ తిరిగే చోట, మడిచి ఒక్కరే ఎత్తగలిగే వీల్‌చైర్ ముప్పై నలభై కిలోల స్కూటర్ కంటే నయం.

ఎక్కలేకపోతే బయల్దేరే ముందు పార్కుకు ఫోన్ చేయడం తప్పనిసరి. ‘వీల్‌చైర్ సౌకర్యం ఉందా?’ అని అడిగితే ‘ఉందండీ, రండి’ అంటారు. అది అబద్ధమూ కాదు, మీకు అక్కరకొచ్చే జవాబూ కాదు. సూటిగా అడగాలి. గేటు నుంచి లోపలికి తీసుకెళ్లే బస్సుకు ర్యాంపు ఉందా, మెట్లున్నాయా? ఇంత పొడవు, ఇంత వెడల్పున్న స్కూటర్ అందులో పడుతుందా? లేకపోతే మా సొంత కారును లోపలి వరకు రానిస్తారా? ఒక బస్సు దిగాక రెండో బస్సెక్కే దాకా ఎంత దూరం, మధ్యలో మెట్లున్నాయా? స్కూటర్ వదిలేస్తే ఎక్కడ భద్రంగా పెడతారు, ఛార్జింగ్ పెట్టుకోవచ్చా? జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకుని ఫోన్‌లో దాచుకుంటే గేటు దగ్గర వాదన ఉండదు.

వండర్‌లా లాంటి చోట కథ కొంచెం వేరు. అక్కడ బస్సుల గొడవ తక్కువ. రైడ్ ఎక్కడానికి మాత్రం స్కూటర్ దిగాల్సిందే, ఏ రైడ్‌కు ఎవరిని అనుమతిస్తారో దాని నిబంధన దానికే ఉంటుంది. నెహ్రూ జూపార్కులో బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. వాటిలోకి స్కూటర్ ఎక్కదు కానీ, దారులు చదునుగా ఉన్నంత మేర స్కూటర్‌తోనే తిరగొచ్చు.

మొదటిసారే ఫిల్మ్‌సిటీ పెట్టుకోకుండా ఉప్పల్ భగాయత్‌లోని మినీ శిల్పారామానికి ఒక సాయంత్రం వెళ్లి రండి. క్యాబ్‌లోకి ఎక్కించడం, దించడం, గేటు దాటడం, టాయిలెట్ తలుపు సరిపోతుందో లేదో చూడడం అన్నీ అక్కడ తెలిసిపోతాయి. నచ్చకపోతే అరగంటలో ఇంట్లో ఉంటారు.

బయటి దేశాల్లో ఎలా చేస్తున్నారు?

అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లిన అమ్మానాన్నలు చాలామంది ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ చూసి వస్తుంటారు. అక్కడి బస్సులకు ర్యాంపుంటుంది. స్కూటర్ మీద వచ్చినవాళ్లను ముందు ఎక్కించి, స్కూటర్‌ను బెల్టులతో కట్టేసి, ఆ తర్వాతే మిగతావాళ్లను పిలుస్తారు. మోనోరైలుకు సిబ్బంది చిన్న పలక వేస్తారు. 2019లో వచ్చిన స్కైలైనర్ తీగబండి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, అయినా వీల్‌చైర్లు, స్కూటర్ల కోసం పెట్టెను పక్కకు తీసి పూర్తిగా ఆపి ఎక్కిస్తారు. ఇదంతా ఒట్టి మర్యాద కాదు. అమెరికాలో దివ్యాంగుల హక్కుల చట్టం 1990లోనే వచ్చింది. బస్సు లిఫ్టు 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు, మనిషితో కలిపి 600 పౌండ్ల బరువును మోయాలని అక్కడి నిబంధన. మీ స్కూటర్ అంతకు మించితే డిస్నీలోనూ ఎక్కకపోవచ్చు.

లండన్ పద్ధతి మనం అందిపుచ్చుకోవడానికి ఇంకా సులువు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 100 సెంటీమీటర్ల పొడవు మించని స్కూటర్లకు అక్కడి రవాణా సంస్థ ఒక కార్డు ఇస్తుంది. దాన్ని చూపిస్తే డ్రైవర్ కొలతల గురించి వాదించడు. మన ఆర్టీసీ, మెట్రో కలిసి ఇలాంటి కార్డు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మన చట్టం ఏమంటోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గతేడాదిదో మొన్నటిదో కాదు, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. రవాణాలో అందుబాటు గురించి 41వ సెక్షన్ చెబుతుంది. 46వ సెక్షన్ ఇంకా ముఖ్యం. సేవలందించేది ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందుబాటు నిబంధనలు పాటించాల్సిందేనని అది అంటోంది. అంటే టికెట్ కొని లోపలికి వెళ్లే పార్కులు కూడా దీని పరిధిలోకి వస్తాయి. బస్సుల్లో వీల్‌చైర్ ఎక్కించి, బిగించే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019 డిసెంబరులో మోటారు వాహన నిబంధనలను సవరించింది. అది 2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సిటీ బస్సు కోసం స్టాపులో నిలబడ్డవాళ్లకు ఈ మాట నమ్మబుద్ధి కాకపోవచ్చు!

కాగితం మీద ఇన్ని ఉన్నా జరగకపోవడానికి ఒక కారణాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో ఎత్తిచూపింది. 2017 నిబంధనల్లోని 15వ నిబంధన అందుబాటు ప్రమాణాలను ఒట్టి సూచనల స్థాయిలో వదిలేసిందని, అది చట్టానికి విరుద్ధమని చెప్పింది. కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో కోర్టుకు దేశంలోని పరిస్థితిపై నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

మీకు అన్యాయం జరిగిందనిపిస్తే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. విచారణ విషయంలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. కమిషనర్ చేసిన సిఫార్సుపై ఏ చర్య తీసుకున్నారో సంబంధిత సంస్థ మూడు నెలల్లో చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి రూ.10 వేల దాకా, ఆ తర్వాత రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదుకు తేదీ, టికెట్, బస్సు మెట్ల ఫొటో, ముందు తెప్పించుకున్న ఈమెయిల్ జత చేయండి. అమ్మకు సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు ఉంటే దాని నకలు పెట్టండి. వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటేనే చాలా రాయితీలు వస్తాయి. మెట్రో లిఫ్టు ఎక్కడానికి మాత్రం ఏ కార్డూ చూపించక్కర్లేదు.

బ్యాటరీ ఫొటో ఎందుకంటే

ఓర్లాండోకో, మరెక్కడికో ఇదే స్కూటర్‌ను విమానంలో తీసుకెళ్లాలంటే ఎయిర్‌లైన్ మొదట అడిగేది బ్యాటరీ వాట్-అవర్లు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లయితే 240. ఊడదీసే లిథియం అయాన్ బ్యాటరీకి పరిమితి 300 వాట్-అవర్లు. స్కూటర్‌లో రెండు బ్యాటరీలుంటే ఒక్కోటి 160 దాటకూడదు. ఊడదీసిన బ్యాటరీని చెకిన్ సామానులో వేయకూడదు, క్యాబిన్‌లోకి వెంట తీసుకెళ్లాలి. లెడ్ బ్యాటరీ స్కూటర్లకు నిబంధనలు వేరే. దేనికైనా ఎయిర్‌లైన్ అనుమతి టికెట్ కొన్నప్పుడే తీసుకోండి, శంషాబాద్ కౌంటర్ దగ్గర కాదు.