మరుగునపడిన ఒక మెటల్‌కోర్ ఆల్బమ్: ‘సన్ ఆఫ్ ది మార్నింగ్’ – వాక్యపు వెలుగులో ఒక పరిశీలన

1. పరిచయము

ఆరాధన సంగీతమును గూర్చి మనము మాట్లాడినప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలతో మొదలుపెట్టి నేటి గిటారు పాటలతో ముగిస్తాము. ఈ రెండింటికీ వెలుపల మన యౌవనస్థులు వింటున్న మరొక సంగీతమున్నది. దానిని మెటల్‌కోర్ అంటారు. జహీరాబాదు వంటి చిన్న పట్టణములో కూడా, తెలుగు, ఉర్దూ, కన్నడము కలిసి వినబడే ఈ సరిహద్దు ప్రాంతములో, సెల్‌ఫోను ద్వారా అది మన పిల్లల చెవులకు చేరింది. తల్లిదండ్రులు ఆ అరుపులు విని భయపడుతున్నారు. “అయ్యగారూ, మా వాడికి ఏదో పట్టింది, ప్రార్థన చేయండి” అని కాపరి యొద్దకు వస్తున్నారు. కాపరి ఏమి చెప్పాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మేము ఒక ఆల్బమ్‌ను ఎన్నుకున్నాము. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రము, ఫోర్ట్‌వర్త్ నగరమునకు చెందిన ‘ఓ, స్లీపర్’ అను క్రైస్తవ బృందము 2009 ఆగస్టులో విడుదల చేసిన ‘సన్ ఆఫ్ ది మార్నింగ్’ అది. ఇదే సంగీత శాఖలో అండర్‌ఓత్ బృందపు 2006 నాటి ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానమునకు చేరింది. యాజ్ ఐ లే డయింగ్ బృందపు 2007 నాటి ఆల్బమ్ 8వ స్థానము పొందింది. అంతటి ఆదరణ ‘సన్ ఆఫ్ ది మార్నింగ్’కు దక్కలేదు. వేదాంత విద్యార్థులు కూడా దానిని పట్టించుకొనలేదు. అయినను వాక్యముతో అది జరిపిన సంభాషణను బట్టి చూస్తే దానికి ఇంతకంటె ఎక్కువ గుర్తింపు రావలసియున్నదని మా అభిప్రాయము.

2. ఈ సంగీతము ఎట్టిది?

హార్డ్‌కోర్ పంక్, హెవీ మెటల్ అను రెండు పాశ్చాత్య సంగీత రీతుల కలయికయే మెటల్‌కోర్. దానికి స్వీడన్ దేశములోని గోథెన్‌బర్గ్ నగరములో 1990లలో ఎదిగిన రాగప్రధానమైన మెటల్ శైలి తోడైనప్పుడు మెలోడిక్ మెటల్‌కోర్ ఏర్పడింది. ఇందులో రెండు గిటార్లు ఒకదానికొకటి జతగా రాగమును పలికిస్తాయి. డ్రమ్ములు వేగముగా పరుగెత్తి, హఠాత్తుగా వేగము తగ్గి, బరువైన దెబ్బలుగా పడతాయి. ఈ బరువైన భాగమునే బ్రేక్‌డౌన్ అంటారు.

ఇక గొంతు విషయము. కేక, పాట అను రెండు విధములైన స్వరములు ఒకే పాటలో వినబడతాయి. ‘ఓ, స్లీపర్’లో కేకలు మైకా కినార్డ్‌వి, రాగము షేన్ బ్లేది. వినువారికి అది అదుపు తప్పిన అరుపువలె తోచవచ్చు. నిజానికి స్వరతంత్రులకు పైనుండే మడతలను కూడా కంపింపజేసి, శ్వాసను అదుపులో ఉంచి పలికే అభ్యాసము అది. అభ్యాసము లేనివాడు అట్లు అరిస్తే కొద్దిసేపటికే గొంతు పోతుంది. కనుక దీనిని ‘పట్టిన’ వాని అరుపు అనుట కంటె నేర్చుకొన్న విద్య అనుట న్యాయము.

ఆల్బమ్‌ను వెలువరించిన సాలిడ్ స్టేట్ అను సంస్థ 1997లో సియాటిల్ నగరములో, టూత్ అండ్ నెయిల్ అను క్రైస్తవ నేపథ్యముగల సంస్థకు శాఖగా ఆరంభమైనది. బృందపు పేరు యోనా 1:6ను స్ఫురింపజేస్తుంది. తుపానులో నిద్రపోతున్న ప్రవక్తను ఓడ నాయకుడు లేపిన మాట అది. లేపినవాడు అన్యుడు, నిద్రించినవాడు దేవుని సేవకుడు. ఈ సంగతి మన సంఘములు ఆలోచించదగినది.

3. ‘వేకువచుక్క’ ఎవరు?

ఆల్బమ్ శీర్షిక యెషయా 14:12 నుండి వచ్చినది. హెబ్రీ మూలములో ‘హేలేల్ బెన్ షాహర్’ అని ఉన్నది. ప్రకాశించువాడు, ఉషస్సు కుమారుడు అని దాని భావము. లాటిన్ వల్గేట్‌లో ఇది ‘లూసిఫెర్’ అయినది. కింగ్ జేమ్స్ అనువాదము ఆ పదమునే నిలిపి ‘సన్ ఆఫ్ ది మార్నింగ్’ అని చేర్చింది. మన తెలుగు బైబిలు తేజోనక్షత్రమని, వేకువచుక్క అని పిలుస్తుంది.

సందర్భమును చూస్తే 14:4 ప్రకారము ఇది బబులోను రాజును గూర్చిన ఎగతాళి పాట. తెర్తుల్లియను, ఓరిగెను వంటి ఆదిమ సంఘ పితరులు దీనిని సాతాను పతనమునకు అన్వయించారు. సంస్కర్తయైన కాల్విన్ ఆ అన్వయమును త్రోసిపుచ్చి, వచనము బబులోను రాజును గూర్చినదేనని వాదించాడు. మరొక సంగతి కూడ గమనించవలెను. 2 పేతురు 1:19లో విశ్వాసుల హృదయములలో ఉదయించు వేకువచుక్కకు వల్గేట్ వాడిన పదము కూడా ‘లూసిఫెర్’ అనునదే. ప్రకటన 22:16లో యేసు ప్రభువే తన్ను వేకువచుక్కగా ప్రకటించుకొన్నాడు. కనుక ఆ పేరు స్వతహాగా చెడ్డది కాదు. ఆ పేరు ఎవరికి చెందునన్నదే వివాదము.

ఆల్బమ్‌లోని నాటకము ఈ వివాదము మీదనే నిలిచియున్నది. ఇందులో 10 పాటలున్నవి. మొదటి పాటలో సాతాను దేవునితో మాట్లాడతాడు, గర్విస్తాడు, నేరము మోపుతాడు. చివరి పాటయైన ‘ది ఫినిషర్’లో దేవుడు జవాబిచ్చి, శత్రువు కొమ్ములను నరికివేయుదునని తీర్పు పలుకుతాడు. బృందపు చిహ్నము కూడా ఇదే చెబుతుంది. తలక్రిందులైన అయిదు కోణముల నక్షత్రములో పైకి లేచిన రెండు కొనలు కొమ్ములకు గుర్తు. వీరి చిహ్నములో ఆ రెండు కొనలు తెగిపోయియున్నవి. అంగడిలో ఆ బొమ్మగల చొక్కాను చూచినవారు సాతాను గుర్తు అనుకొందురు. సాతాను ఓటమికి గుర్తుగా దానిని గీశారు.

కొమ్ములు తెగుట అను భావము కూడా వాక్యములోనిదే. కీర్తన 75:10లో దేవుడు భక్తిహీనుల కొమ్ములను విరుగగొట్టి, నీతిమంతుల కొమ్ములను హెచ్చిస్తాడు. హెబ్రీ భాషలో ‘కెరెన్’ అనగా కొమ్ము, బలము, గర్వము. ఎద్దు కొమ్ము విరిగితే దాని పొగరు దిగునని మన రైతులకు చెప్పనక్కరలేదు.

4. కేకకు వాక్యములో చోటున్నదా?

ఉన్నది. నిర్గమ 3:7లో దేవుడు విన్నది ఇశ్రాయేలీయుల పాట కాదు, వారి మొర. అక్కడి హెబ్రీ పదము ‘త్సఆకా’, అనగా బాధలో పెట్టు కేక. కీర్తనల గ్రంథములో దాదాపు మూడవ వంతు విలాపములే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. హెబ్రీ 5:7 ప్రకారము ప్రభువు తన శరీరధారియైన దినములలో గట్టిగా మొరపెట్టి ప్రార్థించాడు. అక్కడి గ్రీకు పదము ‘క్రౌగే’, బిగ్గరగా వేయు కేక. సిలువమీద ఆయన బిగ్గరగా కేక వేశాడని మార్కు 15:34 సాక్ష్యమిస్తుంది.

అయితే మన ఆదివారపు ఆరాధనలో విలాపమునకు ఎంత చోటు ఇస్తున్నాము? స్తుతికి గంటసేపు ఇస్తాము. పరీక్ష తప్పినవాడు, ఉద్యోగము దొరకనివాడు, కుల అవమానము పొందినవాడు తన కోపమును దేవునియెదుట ఎక్కడ పెట్టుకొనవలెను? మనము చోటివ్వనప్పుడు అతడు ఇయర్‌ఫోనులో చోటు వెదకుకొంటాడు.

5. మన సంఘ చరిత్ర నేర్పు పాఠము

సంగీతమును చూచి భయపడుట క్రొత్త కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగములలో క్రీస్తును కీర్తించాడు. దేవాలయములలో, సభలలో వినబడిన ఆ రాగములు నేడు మన ఆరాధనకు ప్రాణము. డప్పు విషయము మరింత బాధాకరము. చావు, జాతర, అంటరానితనము దానికి అంటగట్టబడినందున అనేక సంఘములు దానిని గుడి గడప దాటనివ్వలేదు. తరువాత దళిత వేదాంతము దానిని తిరిగి చేతికి తీసికొన్నది. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రచురించిన గ్రంథములో తమిళ పరయుల డప్పునే వేదాంత చింతనకు ఆధారముగా చేసికొన్నాడు. శబ్దము అపవిత్రమని మనము అనుకొన్న చోట బాధపడు ప్రజల స్వరమున్నదని ఈ చరిత్ర నేర్పుతున్నది.

6. పరిమితులు

ఈ ఆల్బమ్‌ను గ్రుడ్డిగా మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. మొదటిది, దేవుడు, సాతాను సమాన బలముగల ఇద్దరు యోధులన్న భ్రమ వినువానికి కలుగవచ్చు. యోబు 1, 2 అధ్యాయములలో సాతాను సెలవు పొంది, హద్దులలో మాత్రమే పనిచేస్తాడు. రెండవది, యెషయా 14లోని బబులోనును మరచి అంతయు ఆత్మల లోకమునకు తోసివేస్తే, అణచివేయు రాజ్యములపై ప్రవక్త పలికిన తీర్పు మొద్దుబారుతుంది. మూడవది, కొలస్సయులకు 2:15 చెప్పు జయము సిలువ ద్వారా కలిగినది. కొమ్ములు నరుకు దేవుని చూచువాడు గాయపడిన గొఱ్ఱెపిల్లను కూడా చూడవలెను. బృందము ఈ కథను 2011 నాటి ‘చిల్డ్రన్ ఆఫ్ ఫైర్’లో కొనసాగించింది. కనుక రెండింటిని కలిపి పరిశీలించుట మేలు.

7. ముగింపు

కాపరులకు మా సూచన ఇది. మీ సంఘ యౌవనస్థుడు ఇట్టి సంగీతము వింటున్నాడని తెలిసినప్పుడు మొదట నూనె రాయుటకు తొందరపడవద్దు. అతనితో కూర్చుండి ఒక పాట వినండి. మాటల అర్థము చెప్పమని అడగండి. తరువాత యెషయా 14, కీర్తన 75, కీర్తన 88 కలిసి చదవండి. ఏ పాట ఎందుకు నచ్చినదో అతడు చెప్పునప్పుడు, తన ఇంటిలో చెప్పుకొనలేని సంగతి బయటికి రావచ్చు. వేదాంత కళాశాలలు కూడా సంగీత పాఠ్యాంశములో కీర్తనల ప్రక్కన ఇట్టి ఒక ఆల్బమ్‌కు చోటివ్వవలెను. తుపానులో యోనాను లేపిన స్వరము దేవాలయములోనుండి రాలేదు. అయినను అది అతనిని ప్రార్థనకు పిలిచిన స్వరమే.