ఆరేళ్లు, నాలుగు వెర్షన్లు, ఒకే డెబియన్: డిస్ట్రో ఎందుకు మార్చలేదంటే

2019లో బీటెక్ చదువుతుండగా నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ 10 వేశాను. ఇప్పుడు అదే ఇన్‌స్టాలేషన్ డెబియన్ 13 మీద నడుస్తోంది. మధ్యలో ఒక్కసారి కూడా ఫార్మాట్ చేయలేదు. ఈ మాట చెబితే ఆఫీసులో ఫ్రెండ్స్ "నీకు బోర్ కొట్టదారా?" అంటారు. వాళ్లలో ఒకడు నెలకో డిస్ట్రో మారుస్తాడు లెండి.

నిజం చెప్పాలంటే మొదట్లో అది అభిమానం కాదు, డేటా లేక. 2020 లాక్‌డౌన్‌లో కుసుమంచి వచ్చేశాక రోజుకు 1.5 జీబీ మొబైల్ డేటానే దిక్కు. ఆన్‌లైన్ క్లాసులూ అందులోనే. చాలా డిస్ట్రోల ఐఎస్ఓ ఫైల్ ఒక్కటే 2 జీబీ దాటుతుంది. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోల్లో కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి, డౌన్‌లోడ్లూ అంతే. డెబియన్ స్టేబుల్ పద్ధతి వేరు. రిలీజ్ అయ్యాక ప్యాకేజీల వెర్షన్లు దాదాపు కదలవు. సెక్యూరిటీ లోపం బయటపడితే ఆ సవరణను పాత వెర్షన్‌లోనే కలిపి ఇస్తారు. అందుకే అప్‌డేట్లు తక్కువ. మరి కొత్త ఫీచర్లు? ఆలస్యంగానే వస్తాయి. ఆగలేని యాప్ ఏదైనా ఉంటే ఫ్లాట్‌ప్యాక్‌లో వేసుకుంటాను.

సుమారు రెండేళ్లకోసారి పెద్ద అప్‌గ్రేడ్ ఉంటుంది. బ్యాకప్ తీసుకుని, సోర్సెస్ ఫైల్‌లో పాత రిలీజ్ పేరు తీసేసి కొత్తది పెట్టి, ముందు మామూలు అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ నడపాలి. ఒక వెర్షన్ దాటేసి దూకడానికి లేదు. 2021లో 11కి వెళ్లినప్పుడు నేను పేరు మాత్రమే మార్చాను. సెక్యూరిటీ లైన్ రాసే తీరే ఆ వెర్షన్ నుంచి మారిందని రిలీజ్ నోట్స్‌లో ఉంది, నేను చదవలేదు. ఎర్రర్ చూస్తూ ఒక సాయంత్రం పోయింది. 2023లో, 2025లో నోట్స్ మొత్తం చదివాకే మొదలుపెట్టాను.

వైఫై సంగతీ అంతే. డెబియన్ 10 ఇన్‌స్టాలర్‌లో నా వైఫై కార్డుకు కావాల్సిన ఫర్మ్‌వేర్ లేదు, ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో గట్టెక్కాను. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని, 12 నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. ఇప్పుడు కొత్తగా వేసేవాళ్లకు ఆ తిప్పలు చాలావరకు లేవు.

నా అభిమానానికి అసలు పరీక్ష మాత్రం నాన్న ఎరువుల షాపులో ఉంది. అక్కడో పాత 32-బిట్ నెట్‌బుక్. అందులో డెబియన్ 12, లిబ్రేఆఫీస్‌లో రైతుల ఖాతాలు, పేర్లన్నీ తెలుగులో. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు రెండూ వచ్చేస్తాయి. కానీ డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు. అప్‌గ్రేడ్ చేయొద్దు, ప్రాసెసర్ ఒప్పుకుంటే 64-బిట్‌గా మళ్లీ వేసుకోండి, లేదంటే మెషీన్‌ను పక్కన పెట్టండి అని రిలీజ్ నోట్సే చెబుతున్నాయి. మీ పాత మెషీన్ సంగతి తెలియాలంటే టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టండి. ఆప్-మోడ్ లైన్‌లో 64-బిట్ కనిపిస్తే బతికినట్టే. నాన్న దాంట్లో కనిపించలేదు.

డెబియన్ 12కి ఎల్‌టీఎస్ గడువు 2028 జూన్. అప్పటిదాకా షాపు మెషీన్‌ను 12 మీదే ఉంచుతున్నా. ఖాతాల ఫైల్‌ను మాత్రం వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నా. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ 64-బిట్ ల్యాప్‌టాప్ కొనాలి. "బాగానే నడుస్తుంది కదరా, దీనికేమైంది?" అని నాన్న అడుగుతున్నాడు, ఇంకా సరైన జవాబు చెప్పలేదు.