పాత కంప్యూటరుతో ఇంటికొక భోషాణం

మూడు నాలుగు తరాల క్రితం తమిళదేశానికో కన్నడదేశానికో వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, చదవడం చాలామందికి రాదు. అమ్మమ్మ పాడే మంగళహారతి, తాతయ్య చెప్పే వంశకథలు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఉన్నవల్లా ఎవరో ఒకరి సెల్‌ఫోనులో ఉన్నవి. ఆ ఫోను పోయిందా, అవీ పోయినట్లే. నెలనెలా అద్దె కట్టి ఏదో కంపెనీ వద్ద దాచుకోవచ్చును, నిజమే. కాని అద్దె కట్టడం మానిన నాడు వాటి గతి ఏమిటి? అందుచేత ఇంట్లోనే ఒక భోషాణం ఉండడం మేలని నా అభిప్రాయం.

ఇందుకు కాలం కూడ కలిసివచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి మామూలు మద్దతు ముగిసింది. 2017కు ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు దేనినీ విండోస్ 11 అంగీకరించదు. ఆ కారణంగా, ఏ లోపమూ లేని ఆఫీసు కంప్యూటర్లు పాతసామాను క్రింద బయటికి వస్తున్నవి. చెన్నపట్నం రిచ్చీ వీధిలోనూ, బెంగుళూరు ఎస్. పి. రోడ్డులోనూ అడిగి చూడండి. మన పనికి విండోస్ అక్కరలేదు. ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచితమైన లైనక్స్ ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని ఎక్కిస్తే ఇంట్లోని ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే దాచుకోగలవు.

చవకగా దొరికింది గదా అని పెద్ద సర్వరు మాత్రం కొనకండి. హోరు సంగతి అటుంచి, కరెంటు లెక్క చూడండి. 20 వాట్ల చిన్న యంత్రం రాత్రింబగళ్ళు నడిస్తే ఏడాదికి 175 యూనిట్లు. 120 వాట్ల సర్వరుకు 1,050 యూనిట్లు. కొన్నప్పుడు మిగిలిన డబ్బు బిల్లులో తేలిపోతుంది.

ఇక వేగం. పాత స్విచ్చి కొనేటప్పుడు దాని మీద 10/100 అని మాత్రమే ఉంటే వదిలెయ్యండి; 10/100/1000 అని ఉండాలి. వంద గిగాబైట్ల పెళ్ళి వీడియోను మొదటిదాని మీద పంపితే రెండున్నర గంటలు పడుతుంది, రెండవదాని మీద పావుగంట. తీగ క్యాట్ 5ఇ చాలును. వంద మీటర్ల వరకు ఆ వేగం నిలబడుతుంది. గోడల చాటున వైఫై కంటె ఈ తీగే నమ్మకం.

దీనికి పదిరెట్ల వేగం కూడ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. పెద్ద డేటా సెంటర్లు తీసివేసిన మెల్లనాక్స్ కనెక్ట్ఎక్స్-3, ఇంటెల్ ఎక్స్520 కార్డులు పాతవి దొరుకుతున్నవి. రెండు కార్డులూ, వాటి మధ్య ఒక పొట్టి రాగి కేబులూ ఉంటే స్విచ్చి లేకుండానే రెండు యంత్రాలను కలపవచ్చును. కాని కార్డు పట్టే స్లాటు ఉన్నదో లేదో ముందు చూసుకోండి. అరచేతి పెట్టెల వంటి కంప్యూటర్లలో అది ఉండదు. ఈ కార్డులు బాగా వేడెక్కుతాయి గనుక గాలి ఆడాలి. అసలు సంగతి మరొకటి: ఆ దారిలో సెకనుకు 1,250 మెగాబైట్లు పోగలవు, మామూలు హార్డుడిస్కు ఇవ్వగలిగినది సుమారు 200. చెరువులో నీరు లేకుండా కాలువ వెడల్పు చేసి ఏమి లాభం? వీడియోలు కూర్చే పిల్లవాడు ఇంట్లో ఉండి, ఎస్ఎస్‌డి కూడ పెట్టుకోగలిగితే సరే, లేకపోతే ఆ ఖర్చు అనవసరం.

ఆ డబ్బు డిస్కులకు పెట్టండి. అన్నీ పాతవి కొన్నా, డిస్కులు మాత్రం కొత్తవే కొనాలంటాను. తప్పనిసరై పాతది కొంటే, స్మార్ట్ పట్టిక చూపించమని దుకాణదారును అడగండి. అందులో మార్చబడిన సెక్టార్లు, పెండింగు సెక్టార్లు రెండూ సున్నా ఉండాలి. నడిచిన గంటలు 43,800 అంటే అయిదేళ్ళు విరామం లేకుండా తిరిగినదన్నమాట. ఆ లెక్కను కూడ పూర్తిగా నమ్మడానికి లేదు. 2025 ఆరంభంలో, వాడిన సీగేట్ డిస్కుల గంటల లెక్క తుడిచి కొత్తవిగా అమ్మిన మోసం ఐరోపాలో బయటపడింది.

రెండు డిస్కులను జంటగా పెట్టే రెయిడ్ పద్ధతి ఉన్నది. ఒకటి చెడినా రెండవది పనిచేస్తుంది. దానితో నిశ్చింతగా ఉండకూడదు. పొరపాటున ఒక ఫోటో తుడిచివేస్తే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. 2015 డిసెంబరు వరదలలో చెన్నపట్నంలో నీరు జొరబడిన ఇళ్ళలో ఆల్బముల గతి ఏమైనదో మనకు తెలియనిది కాదు. క్రింది అంతస్తులో ఉంటే రెయిడ్ పెట్టె గతీ అంతే. కాబట్టి వేరే డిస్కు మీద మరొక ప్రతి చేసి, వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంట్లోనో పెదనాన్నగారి ఇంట్లోనో ఉంచండి. పండుగకు వెళ్ళినప్పుడు కొత్తవి ఎక్కించి రావచ్చును. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఎవరి గొంతో, ఏ సంవత్సరమో వ్రాయండి. డిస్కు మీద కూడ తేదీ వేసిన చీటీ ఒకటి అంటించండి.