బాక్స్‌కి చెప్పాల్సిన ఒక్క అంకె

సెట్‌టాప్ బాక్స్ మెనూలో ‘ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ’ అని ఉంటుంది. ఎదురుగా 9750, 10600, 5150 లాంటి అంకెలు. చాలామంది అది డిష్‌కి మనమిచ్చే ఆర్డర్ అనుకుంటారు. కాదండీ. డిష్ ముందు బిగించిన ఎల్ఎన్‌బీ అప్పటికే చేసేసిన తీసివేతని బాక్స్‌కి చెప్పడం, అంతే.

తీసివేత ఎందుకు? జీశాట్-15 నుంచి డీడీ ఫ్రీ డిష్ క్యారియర్ ఒకటి 11090 మెగాహెర్ట్జ్ మీద దిగుతుంది. అంత పై ఫ్రీక్వెన్సీ మామూలు కేబుల్లో మేడ మీంచి హాల్లోకి వచ్చేసరికి నీరసించిపోతుంది. అందుకని ఎల్ఎన్‌బీ తనలోని ఆసిలేటర్ సాయంతో 9750 తీసేసి, మిగిలిన 1340ని కిందికి పంపుతుంది. బాక్స్‌లోని ట్యూనర్‌కి వినబడేది 950 నుంచి 2150 వరకే.

కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో, 15,660 ఫ్లాట్లలో ఒకటి మా పిన్నిది. డిష్ సరిగ్గానే తిరిగి ఉంది, సిగ్నల్ సున్నా. బిగించడానికి వచ్చినతను ఎల్ఎన్‌బీ పోయింది, కొత్తది కొనాలన్నాడు. మెనూలో చూస్తే 10600 ఉంది. అంటే బాక్స్ 11090లోంచి అది తీసేసి 490 దగ్గర వెతుకుతోంది, అక్కడ దానికి చెవే లేదు! 9750 పెట్టగానే ఛానెళ్లొచ్చాయి. “గింతదానికి పైసలడిగిండా?” అంది పిన్ని.

కేబుల్ ఆపరేటర్ల పెద్ద సీ-బ్యాండ్ డిష్‌లది తలకిందుల లెక్క. 5150లోంచే వచ్చిన ఫ్రీక్వెన్సీని తీస్తారు: 3700 వస్తే 1450, 4200 వస్తే 950. స్పెక్ట్రమ్ అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది కూడా.

ఇదంతా దిగే దారి. ఇక్కడ తప్పు చేస్తే మన టీవీ రాదు, ఇంకెవరికీ నష్టం లేదు. ఎక్కే దారి అలా కాదు. ఏటీఎంల మీద కనిపించే వీశాట్‌నే తీసుకోండి. 14200 మీద పంపాలంటే మోడెమ్ 1150 ఇస్తుంది, డిష్ దగ్గరున్న బీయూసీ దానికి 13050 కలుపుతుంది. మోడెమ్‌లో 13050 బదులు 12800 అని పెట్టామనుకోండి, అది 1400 ఇస్తుంది. గాల్లోకి పోయేది 14450. అక్కడ ఇంకెవరి లింకో నడుస్తుండొచ్చు. మన స్క్రీన్ మీద మాత్రం 14200 అనే ఉంటుంది!

అందుకే కొత్త స్టేషన్ వాళ్లు ముందు మాడ్యులేషన్ లేని ఉత్త క్యారియర్‌ని తక్కువ పవర్‌తో పంపుతారు. అవతల స్పెక్ట్రమ్ చూస్తున్నవాళ్లు “కనబడింది, సరైన చోటే ఉంది” అని ఫోన్లో చెప్పాకే పవర్ పెంచుతారు.

అసలు అంకె ఎక్కడ దొరుకుతుందంటారా? ఎల్ఎన్‌బీకైనా బీయూసీకైనా సాధారణంగా ఒంటి మీదే ‘ఎల్ఓ’ అని స్టిక్కర్ ఉంటుంది. మెనూ తెరిచే ముందు మేడెక్కి అది చదువుకుని రండి.