కరీబియన్ తీరాన ఒక పూట

క్రూజ్ ఓడ ఒక దీవి రేవులో ఆగేది మామూలుగా ఎనిమిది తొమ్మిది గంటలు. దిగడానికి, మళ్లీ ఎక్కడానికి పట్టే సమయం తీసేస్తే సముద్రం ఒడ్డున గడపడానికి మిగిలేది ఒక పూట. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి చేసే కరీబియన్ ప్రయాణాల్లో ఈ ఒక్క పూట మీదే ఎక్కువ ఆశ ఉంటుంది. దాన్ని గడపడానికి దారులు మూడు. ఓడవాళ్లే అమ్మే బస్సు యాత్రలో నలుగురితో పాటు వెళ్లడం ఒకటి. ఓడ సంస్థ తన ప్రయాణికుల కోసమే పెట్టుకున్న సొంత బీచ్‌లో దిగడం రెండోది. ఆ దీవికి చెందిన డ్రైవరునో పడవవాణ్నో మీ కుటుంబం కోసమే ఒక పూటకు మాట్లాడుకుని, దీవి జనం కూడా వచ్చే బీచ్‌కు వెళ్లడం మూడోది. ఈ మూడోదే మేలని నా అభిప్రాయం. అక్కడ మనం డబ్బు పెట్టి కొనవలసింది ఆ తీరం తెలిసిన మనిషి సమయం. ఇసుక మీద హక్కును కొనవలసిన పని లేదు, కొనకూడదు కూడా.

ముందు సముద్రం సంగతి చూద్దాం. బార్బడోస్‌ను తీసుకుంటే 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు, 431 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి అది. 2024 జూన్ 29న మన జట్టు టీ20 ప్రపంచకప్పు గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ మైదానం దీని రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోనే, ఓడరేవుకు దగ్గర్లోనే ఉంది. ఇంత చిన్న దీవికీ రెండు రకాల సముద్రం ఉంది. తూర్పున అట్లాంటిక్. వ్యాపార పవనాలు ఏడాది పొడవునా అటునుంచే వీస్తాయి. ఆఫ్రికా నుంచి ఇక్కడిదాకా మధ్యలో అడ్డుపడే నేల లేదు కాబట్టి అలలు కొండంత బలంతో వచ్చి పడతాయి. తూర్పు తీరంలోని బాత్‌షీబా చూడముచ్చటైన చోటు, అలల మీద పలకలతో జారేవాళ్లకు స్వర్గం. ఈత మాత్రం అక్కడ ప్రమాదం, ఒడ్డున రాళ్ల మధ్య నిలిచే నీటిలో కూర్చోవడంతో సరిపెట్టుకోవాలి. పడమటి తీరంలో అదే గాలి నేల మీదుగా వస్తుంది కాబట్టి నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి, మోకాలి నొప్పులున్న పెద్దవాళ్లు కూడా భయం లేకుండా దిగవచ్చు. రెండు తీరాల మధ్య కారులో గంట ప్రయాణం కూడా ఉండదు. పొద్దున తూర్పు అలలు చూసి, ఆపైన పడమట స్నానం చేసి, మధ్యాహ్నానికి రేవు చేరవచ్చు. యాభై మంది బస్సు ఎక్కి దిగడానికే అరగంట పోయే యాత్రలో ఇది కుదరదు.

దీనికి తోడు 2011 నుంచి కొత్త చిక్కు ఒకటి మొదలైంది. సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు అట్లాంటిక్‌లో తెప్పలుగా పెరిగి కరీబియన్ తీరాలకు కొట్టుకొస్తోంది. 2018 వేసవిలో ఆఫ్రికా పడమటి తీరం దగ్గర నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,000 కిలోమీటర్లకు పైగా ఈ నాచు పట్టీ పరుచుకుందని ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. ఒడ్డున పడి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడి కుళ్లిన కోడిగుడ్ల వాసన కొడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. ముఖ్యంగా వసంతం నుంచి వేసవి చివరిదాకా దీని బెడద ఎక్కువ. గాలికి ఎదురుగా ఉన్న తూర్పు, దక్షిణ తీరాల మీదే ఎక్కువగా పడుతుంది. ఏ వారం ఏ తీరానికి వస్తుందో మూడు నెలల ముందు యాత్ర బుక్ చేసుకున్నవాళ్లకు తెలిసే వీల్లేదు. ఆ ఉదయం దీవి అంతా తిరిగిన డ్రైవరుకు తెలుస్తుంది. అక్కడ నాచు పడింది, ఇటు పోదాం పదండని దారి మార్చగలడు. ముందే ఖాయం చేసిన బస్సుకు ఆ స్వేచ్ఛ లేదు.

స్థానికుడు వెంట ఉండటం వల్ల మేలు ఇంకా ఉంది. ఈ దీవుల తీరాల్లో నీడనిచ్చే చెట్లలో మాంచినీల్ ఒకటి. మన ఆముదం, జెముడు మొక్కల కుటుంబానికి చెందినదే. కాయలు చిన్న పచ్చ యాపిల్ పళ్లలా ముద్దొస్తాయి, కమ్మని వాసన కూడా వేస్తాయి. కొరికితే నోరు, గొంతు పుండైపోతాయి. చెట్టు పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. వానకు తడవకుండా దాని కింద నిలబడినా ఆకుల మీదుగా జారిన నీళ్లకు చర్మం కాలిపోతుంది. చాలాచోట్ల మానుకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంచుతారు గానీ అన్ని చెట్లకూ ఉండదు. దీవిలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన ఈ సంగతి, కాయలు ఏరుకోబోయే మన పిల్లలకు తెలియదు. బార్బడోస్‌లో ఇంకో విషయం కూడా ఉంది: సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు మామూలు జనం వేసుకోవడం అక్కడ నేరం, చిన్నపిల్లల నిక్కర్లకైనా మినహాయింపు లేదు. మంచి డ్రైవరైతే రేవు దగ్గరే చూసి చెప్తాడు.

ఇక తీరం ఎవరిదన్న ప్రశ్న. ఈ విషయంలో కరీబియన్ దీవులన్నీ ఒకటి కావు. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. పడమటి తీరంలో సంపన్నుల హోటళ్లు వరసగా ఉన్నా, పేరుమోసిన శాండీ లేన్ హోటల్ ముందున్న ఇసుక మీద కూడా ఎవరైనా నడవచ్చు, మునగవచ్చు. చిక్కల్లా అక్కడికి చేరే సందులు ఏళ్లు గడిచేకొద్దీ భవనాల మధ్య ఇరుకైపోవడమే. అందుకే రోడ్డు మీద నుంచి సముద్రం కనబడే ఖాళీలను కాపాడాలని అక్కడ గట్టి పట్టుదల ఉంది. ఆంటిగ్వాలో కూడా బీచ్‌లు అందరివీ. జమైకాలో పరిస్థితి వేరు. బ్రిటిష్ పాలనలో 1956లో వచ్చిన బీచ్ కంట్రోల్ చట్టం తీరపు అంచును, సముద్రగర్భాన్ని ప్రభుత్వం పరం చేసింది, కానీ ప్రజలకు స్నానం చేసే సాధారణ హక్కును మాత్రం ఇవ్వలేదు. హోటళ్లు లైసెన్సులు తీసుకుని తీరాన్ని మూసుకున్నాయి. తాతల నాటి నుంచి వలలు వేసిన చోట జాలరులు అడుగుపెట్టలేని స్థితి వచ్చింది. తీరం మీద జనం హక్కు కోసం అక్కడి ఉద్యమకారులు ఇప్పుడు కోర్టుల్లో పోరాడుతున్నారు.

దీనికి సమాంతరంగా ఓడ సంస్థల సొంత దీవుల వ్యవహారం పెరుగుతూ వచ్చింది. బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే దీవిని నార్వీజియన్ సంస్థ 1977 నుంచి వాడుకుంటోంది. డిస్నీ 1998లో క్యాస్టవే కే తెరిచింది. రాయల్ కరీబియన్ కోకోకే దీవిని 2019లో నీటి ఆటల పార్కుగా మార్చేసింది. కార్నివాల్ 2025 జులైలో గ్రాండ్ బహామాలో సెలబ్రేషన్ కీ ప్రారంభించింది. ఇవి శుభ్రంగా ఉంటాయి, తిండి దొరుకుతుంది, పిల్లలకు ఇబ్బంది ఉండదు. అక్కడ కుర్చీల దగ్గర నుంచి శీతలపానీయం దాకా అమ్మేదీ, లాభం తీసుకునేదీ చాలావరకు ఓడ సంస్థే. రేవు పట్టణంలో ఆగవలసిన ఓడ ఆ రోజు అక్కడ ఆగితే, పట్టణంలో టాక్సీవాడికీ కొబ్బరిబోండాలవాడికీ బేరం పోయినట్టే.

డబ్బు ఎటు పోతుందన్నది ఈ వాదనలో ఆయువుపట్టు. అన్నీ కలిపి అమ్మే ప్యాకేజీ యాత్రల్లో యాత్రికుడి ఖర్చులో సుమారు 80 శాతం విమాన సంస్థలకు, హోటళ్లకు, బయటి కంపెనీలకే పోతుందన్నది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చాలాకాలంగా ఉదహరించిన అంచనా. ఓడ ప్రయాణికుడైతే నిద్ర, తిండి రెండూ ఓడలోనే. దీవికి దక్కేది రేవు పన్ను, ఒడ్డున పెట్టే ఖర్చు మాత్రమే. ఓడలో అమ్మే యాత్రకు పెట్టిన ధరలో ఓడ సంస్థ తన వాటా ముందే తీసుకుంటుంది, బస్సు నడిపే స్థానికుడికి చేరేది మిగిలినది. అదే రేవు గేటు దగ్గర టాక్సీ మాట్లాడుకుంటే ఇచ్చిన డబ్బు నేరుగా ఆ మనిషి చేతికే వెళ్తుంది. బీచ్‌లో కుర్చీ, గొడుగు అద్దెకిచ్చే ఆవిడకూ చేపల వేపుడు అమ్మే కొట్టుకూ అంతే. మన వైపు నుంచి చూసినా నష్టం లేదు: ఓడ యాత్ర ధర మనిషి లెక్కన, టాక్సీ బండి లెక్కన. ఇద్దరు వెళ్తే ఓడ యాత్రే చవక కావచ్చు. అమ్మానాన్నలు, పిల్లలు కలిపి ఆరుగురు వెళ్తే లెక్క చాలావరకు తిరగబడుతుంది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఓడ తప్పిపోతుందన్న భయం. ఆ భయం నిజమైనదే. ఓడవాళ్ల యాత్రలో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవాళ్లకు ఆ భరోసా లేదు, ఓడ వెళ్లిపోతే తర్వాతి రేవుకు విమానం ఖర్చు మనదే. అందుకే నేను రోజంతా అనకుండా ఒక పూట అంటున్నాను. పొద్దున తొమ్మిదికి బయల్దేరి ఒంటిగంటకు రేవుకు తిరిగొస్తే, సాయంత్రం ఐదుకు వెళ్లే ఓడకు నాలుగు గంటలు చేతిలో ఉంటాయి. టైరు పంచరైనా, దారిలో బండ్లు ఆగిపోయినా తట్టుకోవచ్చు. గడియారం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. జమైకా ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తుంది, ఫ్లోరిడా వేసవిలో గంట ముందుకు జరుపుతుంది. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఓడ తన గడియారం మార్చకపోతే, దీవి సమయం పట్టుకున్న మీ ఫోనులో 3 గంటలైనప్పుడు ఓడలో 4 అవుతుంది. చేతి గడియారం ఒకటి ఓడ సమయానికి పెట్టుకుని దిగడం మంచిది.

రెండో అభ్యంతరం నమ్మకం. తెలియని ఊళ్లో, తెలియని మనిషి బండిలో పిల్లలతో వెళ్లడానికి జంకడం సహజం, ఆ జంకును తేలిగ్గా తీసిపారేయను. అయితే దానికి మందు ఓడ బస్సు ఒక్కటే కాదు. బార్బడోస్‌లో లైసెన్సు ఉన్న టాక్సీల నంబరు ప్లేటు జెడ్ అక్షరంతో మొదలవుతుంది. మీటర్లు ఉండవు, కాబట్టి ఎక్కకముందే ధర తేల్చుకోవాలి. ఏ డాలర్లలో అన్నది కూడా అప్పుడే తేలాలి. 1975 నుంచి రెండు బార్బడోస్ డాలర్లకు ఒక అమెరికా డాలరు లెక్క, ఆ ఒక్క మాట స్పష్టంగా లేకపోతే ధర రెట్టింపైపోతుంది. డబ్బు తిరిగి రేవుకు చేరాకే ఇస్తామనడం అక్కడ తప్పేమీ కాదు. లైఫ్‌గార్డులు ఉండే బీచ్‌కే తీసుకెళ్లమని అడగాలి. అన్ని దీవుల్లోనూ ఇంత ధీమాగా చెప్పలేను. నేరాలు ఎక్కువగా ఉన్న పట్టణాల రేవుల్లో, ముందుగా నలుగురూ మెచ్చిన డ్రైవరును మాట్లాడుకుని ఉంటే తప్ప, ఓడవాళ్ల యాత్రే తెలివైన పని.

సొంత బీచ్‌ల వల్ల ఉద్యోగాలు వస్తున్నాయి కదా అనేది మూడో అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది. హైతీ ఉత్తర తీరంలోని లాబడీని రాయల్ కరీబియన్ 1986లో లీజుకు తీసుకుని 2025 దాకా వాడుతూ వచ్చింది. తలకింత చొప్పున ప్రభుత్వానికి డబ్బు కట్టేది, కొందరు హైతీ వ్యాపారులకు లోపల అమ్ముకునే వీలిచ్చింది. అతి పేద దేశంలో ఆ జీతాలు చిన్న విషయం కావు. 2010 జనవరిలో భూకంపం వచ్చిన కొద్ది రోజులకే ఆ కంచె లోపల ఓడ ఆగినప్పుడు ప్రపంచమంతా విమర్శించింది, ఓడలో సహాయ సామగ్రి కూడా తెచ్చామని సంస్థ బదులిచ్చింది. నా దృష్టిలో ఓడ ఆగడం తప్పు కాదు. తప్పంతా కంచెదే. కంచె అవతలి హైతీవాసికి తన దేశపు తీరంలోకి వచ్చే దారి ఉండేది కాదు, వచ్చిన యాత్రికుడికి తాను ఏ దేశంలో ఉన్నాడో తెలియవలసిన అవసరమూ ఉండేది కాదు. ఉద్యోగాలు ఇవ్వడానికి కంచె అక్కర్లేదని బార్బడోస్ చూపిస్తోంది. అక్కడ ఖరీదైన హోటళ్లు, జనం బీచ్‌లు ఒకే ఇసుక మీద ఉన్నా పర్యాటకం దెబ్బతినలేదు.

విడివిడిగా వెళ్లే యాత్రికుల వల్ల సముద్రానికి మేలు జరుగుతుందని మాత్రం అనలేను. బార్బడోస్ పడమటి తీరంలో పడవవాళ్లు తాబేళ్లను దగ్గరికి రప్పించడానికి చేప ముక్కలు వేస్తుంటారు. కానీ పెద్దయిన పచ్చ తాబేలు తినేది ప్రధానంగా సముద్రపు గడ్డి. కేమన్ దీవుల్లో జాలర్లు చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేసే చోట స్టింగ్‌రే చేపలు గుమిగూడటం మొదలై, ఇప్పుడది స్టింగ్‌రే సిటీ అనే పెద్ద ఆకర్షణ అయింది. మామూలుగా రాత్రిపూట తిరిగే ఆ చేపలు అక్కడ యాత్రికుల తిండి కోసం పగలు తిరుగుతున్నాయని 2013లో వచ్చిన పరిశోధన తేల్చింది. పడవ మొత్తం మీదే అయినప్పుడు మేత వెయ్యొద్దని చెప్పే అధికారం మీకుంటుంది, పదిమంది కలిసి ఎక్కిన పడవలో ఆ మాట చెల్లదు. ఎండకు రాసుకునే క్రీములో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉంటే అమెరికా వర్జిన్ దీవుల్లో 2020 నుంచి నిషేధం. మిగతా దీవుల్లోనూ అవి లేనివే కొనుక్కోవడం పగడపు దిబ్బలకు మంచిది.

అన్ని రేవులకూ ఒకే పద్ధతి పనికిరాదు. కేమన్ దీవుల్లోని జార్జ్ టౌన్‌లో ఓడ ఆగే కట్ట లేదు, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి కాబట్టి గంటన్నర దానికే పోవచ్చు. అక్కడ దూరం పెట్టుకోకుండా సెవెన్ మైల్ బీచ్‌లో అందరికీ తెరిచి ఉన్న భాగానికి వెళ్లి రావడం చాలు. బ్రిడ్జ్‌టౌన్‌లో సమయం తక్కువుంటే కార్లైల్ బే ఉంది. రేవు నుంచి టాక్సీలో నిమిషాల్లో చేరవచ్చు, నీళ్లు నిలకడగా ఉంటాయి. అడుగున మునిగిన పాత ఓడల మధ్య చేపలను చూపించే పడవలు అక్కడే దొరుకుతాయి. భారత పాస్‌పోర్టుతో పర్యటనకు వెళ్లేవాళ్లకు బార్బడోస్, జమైకాలు వీసా అడగవు. అమెరికాకు తిరిగి రావడానికి మాత్రం అమ్మానాన్నల వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదై ఉండాలి. టికెట్టు కొనకముందే వాళ్ల పాస్‌పోర్టులో ఆ పేజీ తెరిచి చూడండి.